కాలనీ పార్కులో తేనె మొక్కలు: తంగేడు వేస్తే చాలదా?

ఎర్రమట్టి: హైదరాబాద్‌లో మా కాలనీ పార్కు మూలన ఓ 100 గజాలు సీతాకోకలకీ తేనెటీగలకీ వదులుతున్నాం. ఎర్ర నేల, రోజంతా ఎండ, ట్యాంకరు నీళ్లు వారానికోసారే. నర్సరీలో లాంటానా, పెంటాస్, ముద్దబంతి తీసుకోమంటున్నారు. మాకు మన నేల మొక్కలే కావాలి. తంగేడు ఎటూ తెలంగాణ రాష్ట్ర పుష్పం, అదే నిండా వేసేస్తే సరిపోతుందా?

తుమ్మిపువ్వు: వేయండి, కానీ తేనె కోసం కాదు. తంగేడు పువ్వులో మకరందం ఉండదు, పుప్పొడే. తుమ్మెదలు పువ్వును పట్టుకుని జుమ్మని ఒళ్లు అదిరించి దాన్ని రాల్చుకుంటాయి. సీతాకోకలకు పనికొచ్చేది ఆకు: లేత పసుపు, తెలుపు రెక్కలవి కొన్ని దానిమీదే గుడ్లు పెడతాయి. నాలుగు మొక్కలు చాలు.

తేనెకైతే ముందు తుమ్మి. దాన్ని కలుపని పీకేస్తారు గానీ ఇంత తేలిగ్గా వచ్చేది ఇంకోటి లేదు. గుప్పెడు విత్తనానికి ఐదు గుప్పెళ్ల ఇసుక కలిపి తొలకరికి చల్లండి. పైన మట్టి కప్పొద్దు, అరచేత్తో అదిమితే చాలు. లోతుకు పోతే మొలవదు.

తర్వాత వావిలి. పెన్సిలు మందం ముదురు కొమ్మ, జానెడు ముక్క. రెండు కణుపులు మట్టిలో ఉండేలా వానల్లో గుచ్చండి. మధ్య 5 అడుగుల ఎడం. చలికాలానికి డిసెంబరాలు, అవీ కొమ్మతోనే వస్తాయి.

ఎరువు మాత్రం దండిగా వేయకండి, ఆకే పెరిగి పూత తగ్గుతుంది.

జీలుగు: పై మాటకు గిలిగిచ్చ (జనుము జాతి మొక్క) చేర్చండి. నల్ల రెక్కల మీద నీలి చారలుండే సీతాకోకల్లో మగవి దాని ఆకులూ కాయలూ గీరి రసం పీలుస్తాయి. గింజ పెంకు గట్టిది: మరిగించి దింపిన నీళ్లలో వేసి రాత్రంతా ఉంచి విత్తండి. గింజలు విషం, పిల్లలు ఆడేచోటికి దూరంగా పెట్టండి.

ముద్దబంతి రేకలు కిక్కిరిసి ఉంటాయి, పురుగు మూతికి తేనె అందదు. లాంటానాలో తేనె ఉంది, కాదనను. కానీ పిట్టలు పండ్లు తిని విత్తనం ఊరంతా వేస్తాయి.

ఎర్రమట్టి: మరి వేసవిలో? తుమ్మి ఎండిపోతుంది కదా.

తుమ్మిపువ్వు: ఉగాది రోజుల్లో వేప, ఆ వెనకే కానుగ పూస్తాయి, పార్కులో ఉంటే కొట్టనివ్వకండి. వావిలి కొత్త చిగురు చివర పూస్తుంది కాబట్టి ఫిబ్రవరిలో మూడో వంతు కత్తిరించి ట్యాంకరు నీళ్లు దానికే పెట్టండి.

తుమ్మి ఎండినా వెంటనే పీకొద్దు, గింజ రాలనివ్వండి. కలుపు తీసేవాళ్లకు ఆ మొక్కను చూపించి చెప్పండి, చుట్టూ రాళ్లు పేర్చండి. ఒక్కో రకం అక్కడొకటి ఇక్కడొకటి కాకుండా కనీసం గజం మేర గుంపుగా ఉండాలి.

జీలుగు: నర్సరీలో ఏది కొన్నా ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కొట్టారేమో అడగండి. అది మొక్క లోపలికి పాకి తేనెలోకీ వస్తుంది.