దవడకి కాలి ఎముక: స్కాన్‌లో రక్తనాళం తేడా అన్నారు, ఎవరికైనా ఇలా అయిందా?

చంద్రగిరి వాసి:
మా నాయనకి కింది దవడలో క్యాన్సర్. దవడ ముక్క తీసి, ఆ చోట ఎడమ కాలి ఫిబ్యులా (మోకాలి కింద పక్కగా ఉండే సన్న ఎముక) పెడతామని తిరుపతిలో డేటు ఇచ్చారు. నిన్న కాళ్లకి సీటీ యాంజియో (రక్తనాళాలు చూసే స్కాన్) తీశాక ‘ఎడమ కాలు ముట్టుకోం’ అనేశారు. ఆయన రోజూ పొలానికి నడిచే మనిషి, కాల్లో ఏ నొప్పీ లేదు. ఇంట్లో అందరికీ టెన్షన్.

ఓటీ సిస్టర్:
మోకాలి కింద మూడు ధమనులు ఉంటాయి తమ్ముడూ. రెండు టిబియల్, ఒకటి పెరోనియల్. ఫిబ్యులాకి రక్తం ఇచ్చేది పెరోనియలే కాబట్టి ఎముకతో పాటు దాన్నీ తీసి మెడలో నాళానికి కుడతారు. పాదాన్ని మిగతా రెండూ చూసుకుంటాయి. కొందరికి పుట్టుకతోనే ఆ రెండూ సన్నం, పాదం మొత్తం పెరోనియల్ మీదే ఆధారం. దాన్ని ‘పెరోనియా ఆర్టీరియా మాగ్నా’ అంటారు. అలాంటి కాల్లోంచి తీస్తే పాదానికే మోసం. పాదం మీద నాడి మామూలుగానే అందొచ్చు, అందుకే మీ నాయనకి తెలీలేదు. ముందే పట్టుకున్నారు, సంతోషించండి. కుడి కాలు ఎలా ఉందన్నారు?

పుత్తూరు అబ్బాయి:
ఎముక అంటే మా ఊరి కట్టు తప్ప తెలీనోణ్ణి, మా మేనత్త పుణ్యమా అని ఇవన్నీ నేర్చుకున్నా! ఆమెకి కాలు బాగానే ఉంది, తేడా మెడలో వచ్చింది. ముఖానికీ నాలుకకీ వేర్వేరుగా పోవాల్సిన ధమనులు ఒకే మొదలు నుంచి చీలాయంట. పైగా పాత రేడియేషన్ వల్ల సిర పనికిరాలేదు, ఇంకోటి వెతికి కుట్టారు. పొద్దున ఏడుకి లోపలికి పోతే రాత్రి తొమ్మిది దాటింది. మధ్యలో బయటికొచ్చి ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు, ఆ కోపం ఇంకా ఉంది. ఆ తర్వాత గంటకోసారి నర్సు, రక్తం పారే చప్పుడు వినిపించే పెన్ను లాంటి డాప్లర్ ఆనించేది. ‘షుక్ షుక్’ అని వినపడితేనే నేను మళ్లీ కుర్చీలో ఒరిగేవాణ్ణి.

చంద్రగిరి వాసి:
కుడి కాల్లో మూడూ బాగున్నాయంట, అందులోంచే తీస్తారు. నాయన అడిగింది ఒక్కటే: నడిచి కొండెక్కగలనా అని.

ఓటీ సిస్టర్:
ఒంటి బరువు ఎక్కువగా మోసేది పక్కనున్న పెద్ద ఎముక. చీలమండ దగ్గర ఫిబ్యులా కొంత వదిలేస్తారు కూడా. కాకపోతే ఫిజియోథెరపీ ఎగ్గొట్టనీయొద్దు.

పుత్తూరు అబ్బాయి:
మా అత్త పదకొండు నెలలకి అలిపిరి నుంచి ఎక్కింది అన్నా. బొటనవేలు సరిగ్గా వంగదు, ఇంట్లో చెప్పు జారుతుంటుంది. మోకాళ్ల పర్వతం దగ్గర అరగంట కూర్చుంది. పక్కనున్న నేనూ కూర్చున్నాననుకోండి.