పలాజో ప్యాంటు వెనక నిజంగా రాకుమారి ఉందా?

ప్రశ్న: బీసెంట్ రోడ్డులో పలాజో బేరమాడుతుంటే షాపావిడ "ఇది రాకుమారి కనిపెట్టిన మోడల్ అమ్మా" అంది. నిజమేనా, రేటు తగ్గించకుండా ఉండటానికా?

జవాబు: రెండూనేమో! ఆ రాకుమారి పేరు ఐరీన్ గలిట్జిన్. 1916లో టిఫ్లిస్‌లో, అంటే ఇప్పటి జార్జియా రాజధాని త్బిలిసిలో పుట్టింది. వాళ్ల వంశం లిథువేనియా పాలకుడు గెడిమినాస్ దాకా వెళ్తుంది. రష్యా విప్లవంతో దేశం వదిలి, రోమ్‌లో పెరిగింది. 1960లో పట్టు పైజమాని పార్టీ డ్రెస్ చేసేసింది, అదే పలాజో. పెద్దయ్యాక తన జీవితకథ కూడా రాసుకుంది.

నేను గవర్నర్‌పేటలో ఇరవై ఏళ్లుగా కుడుతున్నా. గుడ్డ తక్కువ తెచ్చి ఫ్లేర్ ఎక్కువ కావాలంటే రాకుమారి దిగొచ్చినా కుదరదు.

ఇంకొకరు: అమ్మ పాత మంగళగిరి చీరతో వస్తుందా అక్కా?

జవాబు: భేషుగ్గా. జరీ అంచు పాదాల దగ్గరికి రానివ్వు. లైనింగ్ మర్చిపోకు, పల్చబడి ఉంటుంది.