అప్‌డేట్: హేడ్రియన్ గోడ చూసొచ్చాం

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో న్యూకాజిల్ నుంచి కారులో రెండు రోజుల్లో హేడ్రియన్ గోడ (ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన పాత సరిహద్దు గోడ) ఎలా చూడాలని పోయిన నెల ఇక్కడ అడిగాను. గోడ 117 కిలోమీటర్లు, అంతా చూడాలని పెట్టుకోకండి, మూడు చోట్లు చాలన్నారు మీరు. చాలా మంచి మాట చెప్పారు, థాంక్స్.

మొదటి రోజు బి6318 రోడ్డు మీద గోడ వెంట ఉన్న రెండు రోమన్ కోటలు చూశాం: ముందు చెస్టర్స్, తర్వాత హౌస్‌స్టెడ్స్. అక్కడ పార్కింగ్ నుంచి కోట దాకా ఎక్కుడే. అమ్మ మోకాళ్ల గురించి టెన్షన్ పడ్డాను గానీ, ఆగి ఆగి ఎక్కేసింది. పైన గాలి విపరీతం, వేసవైనా స్వెటర్లు తీసుకెళ్లండి.

రెండో రోజంతా గోడకి దగ్గర్లోనే ఉన్న ఇంకో రోమన్ కోట విండోలాండాకే ఇచ్చాం. మ్యూజియంలో రోమన్ల తోలు చెప్పులు వరసగా పెట్టారు. వాటిలో చంటిపిల్లల జోడు దగ్గర నాన్న చాలాసేపు కదల్లేదు. సుమారు క్రీ.శ. 100లో క్లాడియా సెవెరా అనే ఆవిడ తన పుట్టినరోజుకి రమ్మని స్నేహితురాలు లెపిడినాకి రాసిన ఉత్తరం దొరికింది ఇక్కడే. పల్చటి చెక్క మీద సిరాతో రాసింది. అసలుది బ్రిటిష్ మ్యూజియం వాళ్లది. ఉత్తరం వేరొకరు రాస్తే, చివరి మాటలు ఆవిడే స్వయంగా రాసిందట. "మనం శుభలేఖ మీద తప్పక రమ్మని చేత్తో రాస్తాం కదా, అలాగే" అంది అమ్మ.

ఈసారి మా అక్కావాళ్లు వస్తే ముందు విండోలాండాకే తీసుకెళ్తాను.