గ్రాండ్ బ్యాంక్స్ 36: చెక్క పడవే అసలుదా? 1973లో ఆ వంశం ఆగిపోయిందా?

సముద్రకాకి:
అమెరికాలో సియాటిల్ దగ్గర మా ఊరి రేవులో రెండు గ్రాండ్ బ్యాంక్స్ 36 పడవలు, అంటే 36 అడుగుల విహార మోటర్ పడవలు, పక్కపక్కనే ఉంటాయి. ఒకటి 1970లో కట్టిన చెక్క పడవ, రెండోది 1978 నాటి ఫైబర్‌గ్లాస్ పడవ. ఇరవై అడుగుల దూరం నుంచి చూస్తే కవల పిల్లలే. రెండోది అమ్మకానికి ఉంది, కొనాలని నాకు మనసైంది. ఆ మాట చెక్క పడవ యజమానితో అంటే, ఆయన ముఖం తిప్పుకొని "అది గ్రాండ్ బ్యాంక్స్ కాదు, దాని బొమ్మ" అన్నారు. మూడు రోజులుగా ఆ మాట నన్ను వదలడం లేదు. 1973లో కంపెనీ చెక్క మానేసి ఫైబర్‌గ్లాస్‌కు మారింది కదా, ఆ పడవల వంశం అక్కడితో ఆగిపోయిందని మీరూ అంటారా?

టేకుబల్ల:
అంటాను. ఆ పెద్దాయన మాట కటువుగా ఉన్నా నిజం.

ఈ పడవ పుట్టుక చూడండి. రాబర్ట్ న్యూటన్, ఆయన కొడుకులు జాన్, విట్ హాంకాంగ్‌లో అమెరికన్ మెరీన్ అనే పడవలు కట్టే యార్డు నడిపేవారు. నక్షా అమెరికా వాళ్ళది, చేతులు చైనా వడ్రంగులవి. కెన్నెత్ స్మిత్ గీసిన 36 అడుగుల 'స్ప్రే' 1963లో నీళ్ళలోకి దిగింది. దాన్ని సరిదిద్ది 1965 నుంచి గ్రాండ్ బ్యాంక్స్ 36 అనే పేరుతో వరుసగా కట్టసాగారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దగ్గర తరతరాలుగా కాడ్ చేపల వేట సాగిన సముద్రపు మెట్ట పేరు అది. 32 అడుగులది, 42 అడుగులది కూడా ఆ ఒకటి రెండేళ్ళలోనే వచ్చాయి.

ఒక్కో పలకనూ చట్రం వంపుకు తగ్గట్టు చెక్కి, బిగించి, సందుల్లో నూలు కుక్కి కట్టిన పడవలవి. ముక్కు దగ్గర పలకలన్నీ ఒకచోటికి వచ్చి ముగిసే తీరును చేత్తో తడిమి చూడండి, ఆ వడ్రంగి ఎక్కడ ఆగి ఆలోచించాడో తెలుస్తుంది. అచ్చులోంచి ఊడదీసిన ఫైబర్‌గ్లాస్ పడవలో ఆ ఆలోచన ఉండదు. ఆకారం ఉంటుంది, అంతే.

ఇంజనుగది:
టేకుబల్ల గారూ, మీ ప్రేమను కాదనను కానీ వాదనను ఒప్పుకోను. గ్రాండ్ బ్యాంక్స్‌ను గ్రాండ్ బ్యాంక్స్ చేసింది నీళ్ళ కింద ఉన్న భాగం. నిటారుగా లేచిన ముక్కు అలను చీలుస్తుంది. అడుగున పొడవునా వెన్నెముకలా సాగే దూలం, అంటే కీల్, ప్రొపెల్లర్‌ను, చుక్కానిని కాపాడుతుంది. తెలియక ఇసుక మేట ఎక్కినా ముందు దెబ్బ కీల్‌కే తగులుతుంది. వెనక సగం చదునుగా ఉండటం వల్ల పక్క అలలకు గుండ్రటి అడుగున్న పడవలా గిరుక్కున ఊగదు.

ఇక ఇంజను. ఫోర్డ్ వారి ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజనును లేమన్ కంపెనీ సముద్రానికి తగ్గట్టు మార్చింది. 6.2 లీటర్లది, 120 అశ్వశక్తి. ఒకటే ఇంజను ఉన్న పడవను ఏడు నాట్ల వేగంతో, అంటే గంటకు ఏడు నాటికల్ మైళ్ళు, నడిపితే గంటకు ఏడెనిమిది లీటర్లకు మించి తాగదు. ట్యాంకులు నిండితే పదిహేను వందల లీటర్లు పడుతుంది. లెక్క వేసుకోండి, ఒక్కసారి నింపితే వెయ్యి నాటికల్ మైళ్ళు దాటి వెళ్ళవచ్చు.

వేగానికీ ఒక హద్దు ఉంది. నీటి మట్టం దగ్గర పడవ పొడవు ఎన్ని అడుగులో దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే, తాను లేపిన అలనే ఎక్కాల్సిన అవస్థ లేకుండా వెళ్ళగల వేగం నాట్లలో వస్తుంది. 36కు అది దాదాపు ఎనిమిది. అంతకంటే తొందరపెడితే ముక్కు పైకి లేస్తుంది, పొగ నల్లబడుతుంది, డీజిల్ ఆవిరైపోతుంది. ఈ పడవలను అందరూ ట్రాలర్లు, అంటే వల లాగే చేపల పడవలు, అంటారు. వల లాగిన పడవ ఇందులో ఒక్కటీ లేదు, కానీ చేపల పడవకుండే ఓపిక వీటికి ఉంది కాబట్టే ఆ పేరు అతికింది.

1973లో వీటిలో ఏది మారింది? అదే ఆకారం, అదే ఇంజను, అదే నడక. పైగా ఆ ఏడాది చివర్లోనే చమురు ధర మండిపోయింది. నిదానంగా, తక్కువ నూనెతో వెళ్ళే పడవ విలువ లోకానికి తెలిసింది అప్పుడే. ఆ సమయంలో నెలల తరబడి పలకలు చెక్కుతూ కూర్చుని ఉంటే, 36లు వెయ్యికి పైగా నీళ్ళలోకి దిగేవా?

తాళ్ళరేవుగాలి:
మా తాతగారు తాళ్ళరేవులో చెక్క పడవలు కట్టేవారు. మా తీరంలో ఫైబర్ తెప్పలు వచ్చాక వేటకు వెళ్ళేవారికి ఏటా మరమ్మతుల ఖర్చు తగ్గింది, మా ఇంట్లో పని తగ్గింది. అందుకని చెక్క మీద మమకారం నాకు ఎవరికంటే తక్కువ కాదు. అయినా ఒక మాట అడగాలి. చెక్క పడవకు పుచ్చిన పలక తీసి కొత్తది వేస్తూనే ఉండాలి. యాభై ఏళ్ళు దాటిన చెక్క పడవలో హాంకాంగ్ వడ్రంగి చేయి తగిలిన పలకలు ఎన్ని మిగిలి ఉంటాయి? 1978 ఫైబర్ పడవ అడుగు మాత్రం ఆనాడు యార్డు నుంచి వచ్చిందే. అసలుదనమే కొలత అయితే ఏది అసలుది?

టేకుబల్ల:
మంచి ప్రశ్న. రాత్రంతా ఆలోచించాను. తాళ్ళరేవుగాలి గారూ, కొత్త పలకకు కొలత పక్కనున్న పాత పలకే కదా? మీ తాతగారు అలాగే వేసి ఉంటారు. చెక్క పోయినా వంపు చేతి నుంచి చేతికి అందుతుంది. పడవ బతికి ఉండటం అంటే నాకు అదే.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. ఫైబర్ పడవ పక్కన నిలబడి చూడండి, ఒంటి మీద పలకల మధ్య సందుల్లా బారుగా గీతలు ఉంటాయి. అచ్చులోనే పెట్టిన గీతలవి. లేని పలకలకు గీతలెందుకు? కొత్త పదార్థం మీద నమ్మకముంటే నున్నగా వదిలేయాల్సింది.

సింగపూర్‌రేవు:
ఆ గీతలు నాకు మోసంగా అనిపించవు. అమెరికన్ మెరీన్ 1968లో సింగపూర్‌లోనూ యార్డు తెరిచింది. ఫైబర్ పడవలకు కూడా చెక్కపని అక్కడి వడ్రంగులే చేశారు. డెక్ మీద టేకు, కిటికీల చట్రాలు టేకు, చేతిపట్టీలు టేకు, వెనక పేరు రాసే గోడ మీద కూడా టేకు పలకలే. వడ్రంగి పని పూర్తిగా పోలేదు, నీటి మట్టానికి పైన ఉండే భాగంలోకి జరిగింది.

సముద్రకాకి గారూ, మీరు కొనేటట్లయితే అసలు చిక్కు కూడా ఆ టేకులోనే ఉంది. డెక్ పలకలను వేలకొద్దీ మరలతో ఫైబర్‌లోకి బిగించారు. సందుల్లోని నల్ల జిగురు ఎండితే ప్రతి మరా నీటికి దారి ఇస్తుంది. నీరు డెక్ లోపలి పొరలోకి దిగుతుంది, అక్కడి నుంచి ఇనుప డీజిల్ ట్యాంకుల నెత్తిన పడుతుంది. తుప్పు పైనుంచి మొదలవుతుంది కాబట్టి కింద చూస్తే కనబడదు. డెక్ మీద చిన్న సుత్తితో కొడుతూ నడవండి. గట్టి చప్పుడు మొద్దుబారిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టండి.

వంశం తెగిపోవడమే మాట అయితే, నా లెక్కలో అది 2014. ఆ ఏడాది, అమెరికన్ మెరీన్‌కే తరువాతి పేరైన గ్రాండ్ బ్యాంక్స్ కంపెనీ ఆస్ట్రేలియాకు చెందిన పామ్ బీచ్ మోటర్ యాట్స్‌ను కొన్నది, దాని స్థాపకుడు మార్క్ రిచర్డ్స్ మొత్తానికి అధిపతి అయ్యారు. తరువాత వచ్చిన గ్రాండ్ బ్యాంక్స్ 60 పైభాగం కార్బన్ ఫైబర్, నడక ఇరవై నాట్లకు పైన. అందమైన పడవే. కానీ ఎనిమిది నాట్ల దగ్గర తృప్తిపడే గుణం అందులో లేదు. ఇంజనుగది గారి కొలతతో చూసినా అది వేరే జాతి.

ఇంజనుగది:
2014 మాట పూర్తిగా ఒప్పుకుంటాను.

సముద్రకాకి:
ఈ రోజు రేవుకు వెళ్ళి ఫైబర్ పడవ ఒంటి మీద గీత వెంట గోరు పెట్టి నడిచాను. ముక్కు నుంచి వెనకదాకా గోరు ఎక్కడా తట్టుకోలేదు. తరువాత పెద్దాయన అనుమతితో చెక్క పడవ మీదా అలాగే చేశాను. మూడుచోట్ల రంగు పగిలి, పలక అంచు వేలికి తగిలింది. నిరుడు మార్చిన పలకలు అవేనట. ఆయనే చూపించారు, దాచుకోలేదు.

డెక్ మీద సుత్తితో కొడితే ఎడమ పక్క, సరిగ్గా ట్యాంకు పైన, రెండు అడుగుల మేర మొద్దు చప్పుడు వచ్చింది. సుద్ద గుర్తు చూసి పెద్దాయన తన పడవ దిగి వచ్చారు. మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించి విన్నారు. "ఇంకా పైపొరలోనే ఉన్నట్టుంది, వానాకాలం లోపు విప్పితే బతుకుతుంది" అన్నారు. టేకు పలక విరగకుండా మర ఎలా తీయాలో వచ్చే శనివారం చూపిస్తానన్నారు. బొమ్మ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ చోటుకయ్యే ఖర్చు తగ్గించి ధర అడుగుతున్నాను. ఇంజనుగది గారూ, లేమన్ 120ను చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి తిప్పేటప్పుడు పొగ ఏ రంగులో, ఎంతసేపు వస్తే భయపడాలో కొంచెం వివరంగా రాయగలరా?