పెంపకానికీ అహింసకూ సంబంధం: ఒక ఉదాహరణ కావాలి

అమలాపురంలో డిగ్రీ విద్యార్థుల కోసం అమెరికా పౌరహక్కుల ఉద్యమంపై 20 నిమిషాల ప్రసంగం సిద్ధం చేస్తున్నాను. అహింసపై నాయకుల దృక్పథాన్ని పెంపకమే తీర్చిదిద్దుతుందని చూపేందుకు, అట్లాంటాలో పాస్టరు ఇంట పెరిగిన మార్టిన్ లూథర్ కింగ్‌నూ, 1931లో ఆరేళ్ల వయసులోనే తండ్రిని కోల్పోయి, ఆత్మరక్షణకు హింస తప్పు కాదన్న నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్‌నూ పోలుస్తూ మూడుసార్లు రాశాను. వాదన నిలవలేదు. 1956 జనవరిలో మాంట్‌గోమరీలోని తన ఇంటిపై బాంబు దాడి జరిగాక కింగ్ సైతం తుపాకీ అనుమతికి దరఖాస్తు చేశారు; ఆయనకు అహింసా మార్గాన్ని లోతుగా బోధించిన బేయర్డ్ రస్టిన్‌కు మాత్రం ఆ విలువ క్వేకర్ (యుద్ధాన్నీ హింసనూ వ్యతిరేకించే క్రైస్తవ శాఖ) సంప్రదాయంలో పెరిగిన అమ్మమ్మ నుంచే అబ్బింది (నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచినది ఇదే). రస్టిన్‌కు భిన్నంగా, చిన్ననాట హింసను దగ్గరగా చూస్తూ పెరిగి కూడా చివరి వరకూ అహింసను వీడని ఆ ఉద్యమ నాయకులెవరైనా ఉంటే, వారి పేరు దయచేసి తెలుపగలరా?