'బాబిలాన్' విషయంలో విమర్శకుల తీర్పు సరైనదేనా?

రీలుడబ్బా:

డేమియన్ షజెల్ తీసిన 'బాబిలాన్' 2022 డిసెంబరు 23న అమెరికాలో విడుదలైంది. మూడు గంటల తొమ్మిది నిమిషాల సినిమా. 1926లో మొదలై, మూకీల కాలం పోయి టాకీలు వచ్చేదాకా హాలీవుడ్ పెద్దల జల్సాలు, ఆ తర్వాత వాళ్ల పతనం కథ. విమర్శకులు రెండుగా చీలిపోయారు. నచ్చనివాళ్లు మాత్రం గట్టిగానే ఏకిపారేశారు. అతి, గోల, మురికి, సాగదీత, ఇంతా చేసి లోపల ఏమీ లేదు అన్నారు. టికెట్ కొని చూసిన జనం సినిమాస్కోర్ సర్వేలో సి ప్లస్‌తో సరిపెట్టారు. దాదాపు 8 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే, ప్రపంచమంతా కలిపి థియేటర్లలో అంత కూడా వసూలు కాలేదు.

ఫ్లాప్ సంగతి పక్కన పెడదాం. నాకు బాధ కలిగించింది ఒక ఆరోపణ. డబ్బున్నవాళ్ల విచ్చలవిడితనాన్ని చూపిస్తూ సినిమా తానే అందులో మునిగి మురిసిపోయింది అన్నారు. నేను ఒప్పుకోను. ఆ జల్సాల కింద ఎవరు నలిగిపోయారో ఈ సినిమా మొదటి పార్టీ నుంచీ చూపిస్తూనే ఉంది. నేను చదివిన రివ్యూల్లో ఆ మనుషుల ప్రస్తావనే లేదు. మీరేమంటారు?

నైట్‌షో:

రీలుడబ్బా గారూ, టైటిల్ పడేసరికి అరగంట అవుతుంది. ఆ అరగంటంతా పార్టీయే. ఆ పార్టీలో కెమెరా ఏం చేస్తోందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ట్రంపెట్ వాయిస్తుంటే దాని చుట్టూ తిరుగుతుంది, డాన్స్ చేసేవాళ్ల మధ్యలోకి దూసుకుపోతుంది, జస్టిన్ హర్విట్జ్ సంగీతం ఒళ్లు ఊగేలా మోగుతుంది. చూస్తున్నవాడికి ఆ పార్టీలో తానూ ఉంటే బాగుండు అనిపిస్తుంది. దర్శకుడు కోరుకున్నదీ అదే. ఇది తప్పు అని చెప్పాలనుకున్నవాడు దాన్ని ఇంత ఆకర్షణగా తీస్తాడా? చివర్లో నలుగురిని చంపేస్తే ముందు చూపించిన మోజు మాసిపోదు కదా. విమర్శకులు పట్టుకున్నది సరిగ్గా ఈ పాయింటే. నా దృష్టిలో సరిగ్గానే పట్టుకున్నారు.

రీలుడబ్బా:

మీరు చెప్పిన పార్టీ సీన్‌నే తీసుకుందాం. అందరికీ గుర్తుండిపోయింది ఏనుగు. రివ్యూల్లోనూ అదే. కొండ మీదున్న మేడకి దాన్ని ఎక్కించడం, అది చేసిన కంపు, ఆఖరికి నిండు హాల్లోకి రావడం. కానీ ఏనుగు హాల్లోకి ఎందుకు వచ్చింది?

పైన గదిలో జేన్ థార్న్‌టన్ అనే కుర్ర నటి డ్రగ్స్ మోతాదు మించి స్పృహ తప్పి పడి ఉంటుంది. పక్కన భారీ శరీరమున్న ఒక హాస్యనటుడు. ఆ అమ్మాయిని అంతమంది మధ్యలోంచి బయటికి మోసుకెళ్లాలి, ఎవరూ చూడకూడదు. అందుకని ఏనుగును హాల్లోకి తోలుతారు. జనమంతా కేకలు వేస్తూ దాని వైపు తిరుగుతారు. ఆ సందట్లో పిల్లని దాటించేస్తారు. అంటే అక్కడ హంగామా పనిచేసేదే ఒక మనిషిని కనపడకుండా చేయడానికి. సినిమా ఈ సంగతి దాచలేదు, మన కళ్లముందే పెట్టింది. మనం కూడా ఏనుగునే చూశాం. రివ్యూ రాసినవాళ్లూ దాన్నే చూశారు.

ఆ తర్వాత జరిగేది ఇంకా దారుణం. జేన్ మర్నాడు షూటింగ్‌కి రావాలి. రాలేదు కాబట్టి ఆ వేషం అదే పార్టీలో డాన్స్ చేస్తున్న నెల్లీ లరాయ్‌కి ఇచ్చేస్తారు. మార్గో రాబీ పాత్ర స్టార్ అయ్యే కథ అక్కడే మొదలవుతుంది. ఆమె అదృష్టం జేన్ ఖాళీ చేసిన చోటు.

ఇందులో చరిత్ర కూడా ఉంది. 1921 సెప్టెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక హోటల్ పార్టీ తర్వాత వర్జీనియా రాప్పే అనే నటి చనిపోయింది. హాస్యనటుడు రోస్కో ఆర్బకిల్ మీద కేసు పెట్టారు. రెండు విచారణల్లో జ్యూరీ ఏమీ తేల్చలేకపోయింది, 1922 ఏప్రిల్‌లో మూడో జ్యూరీ నిర్దోషి అంది. అయినా అతని కెరీర్ లేవలేదు. ఆ కేసు నెలల తరబడి పత్రికలకెక్కింది. సినిమాలో జేన్ గురించి ఒక్క వార్త కూడా రాదు. అప్పటికి స్టూడియోలు పాఠం నేర్చుకున్నాయన్నమాట. తప్పు జరక్కుండా చూసుకోవాలన్న పాఠం కాదు, జరిగినా బయటికి పొక్కకూడదన్న పాఠం.

ఇదంతా తెలిసి తీసినవాణ్ని విలాసాల మోజులో పడ్డాడు అంటే ఎలా ఒప్పుకోను?

కటింగ్‌టేబుల్:

రీలుడబ్బా గారి వాదన బాగుంది, కానీ సినిమాకి ఆయన ఎక్కువ మార్కులే వేస్తున్నారు. జేన్‌ని బయటికి మోసుకెళ్లారు, సరే. ఆ తర్వాత ఆమె ఏమైంది? సినిమా ఎప్పుడైనా పట్టించుకుందా? ఆ స్టూడియో వాళ్లు ఆమెను ఎంత తేలిగ్గా మరిచిపోయారో దర్శకుడూ అంతే తేలిగ్గా మరిచిపోయాడు. ఇది విమర్శో నిర్లక్ష్యమో ప్రేక్షకుడు ఎలా తేల్చుకోవాలి?

నాకు అన్నిటికంటే ఎక్కువ కష్టం కలిగించింది సిడ్నీ పామర్ సీన్. సిడ్నీ నల్లజాతి ట్రంపెట్ కళాకారుడు, అప్పటికే పెద్ద పేరు తెచ్చుకున్నాడు. లైట్ల కింద అతని రంగు తన బ్యాండులో మిగతావాళ్ల కంటే తెల్లగా కనిపిస్తోందని, అమెరికా దక్షిణాది థియేటర్లలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసిన బృందం అనుకుంటే సినిమా ఆడదని, ముఖానికి కాల్చిన కార్క్ మసి పూసుకోమంటారు. అడిగేది ఎవరు? మ్యానీ. మెక్సికో నుంచి వచ్చి, స్టూడియోలో పైకెదిగాక స్పెయిన్ వాణ్నని చెప్పుకుంటున్న మ్యానీ. సిడ్నీ ఆ మసి పూసుకుంటాడు. షాట్ ఇస్తాడు. ఆ తర్వాత స్టూడియో వదిలి వెళ్లిపోతాడు. ఆ కొద్ది నిమిషాల్లో సిడ్నీగా వేసిన జోవన్ అడేపో ముఖంలో కనిపించినంత బాధ మిగతా సినిమాలో నాకెక్కడా దొరకలేదు.

మరి అంతటి పాత్రకి మూడు గంటల తొమ్మిది నిమిషాల్లో ఎంత చోటిచ్చారు? లేడీ ఫే పాత్రదీ అదే గతి. ఆ కాలపు చైనీస్-అమెరికన్ నటి ఆనా మే వాంగ్‌ని గుర్తుచేసే పాత్ర, ఎంతో చేయొచ్చు. కొన్ని సీన్లకే పరిమితం చేశారు. నలిగిపోయినవాళ్ల కథ అని మీరంటున్నారు. నలిగిపోయినవాళ్లకి తెర మీద టైమ్ ఇవ్వకుండా అది వాళ్ల కథ ఎలా అవుతుంది?

రెండో_ఆట:

ఒక మాట. 1939 జులైలో పారిస్‌లో ఫ్రెంచ్ దర్శకుడు జాన్ రెన్వార్ 'ది రూల్స్ ఆఫ్ ది గేమ్' మొదటిసారి వేసినప్పుడు జనం ఈలలు వేసి గోల చేశారు. ధనికులు పల్లెలో భవంతికి వేటకి వెళ్లి ఆడే ఆటల కథ అది. దర్శకుడు భయపడి సినిమాని కత్తిరించాడు. అక్టోబరులో ప్రభుత్వం నిషేధించింది. యుద్ధంలో బాంబులు పడి నెగెటివ్ కూడా పోయింది. 1959లో దొరికిన ముక్కలన్నీ అతికించి మళ్లీ చూపించాక అదే సినిమా ప్రపంచంలోకెల్లా గొప్పవాటిలో ఒకటైంది. 'సైట్ అండ్ సౌండ్' అనే బ్రిటిష్ సినిమా పత్రిక జరిపే విమర్శకుల ఓటింగులో చాలాసార్లు రెండు, మూడు స్థానాల్లో నిలిచింది. 'బాబిలాన్'కి కూడా టైమ్ వస్తుంది.

నైట్‌షో:

ఈ ఉదాహరణ ప్రతి చర్చలోనూ వస్తుంది, నాకు దీంతో గట్టి పేచీ ఉంది. తిట్లు తిని తర్వాత గొప్పదైన సినిమా ఒకటి ఉంటే, తిట్లు తిని అక్కడే ఆగిపోయినవి ఎన్నో ఉన్నాయి. వాటి పేర్లు మనకి గుర్తుండవు కాబట్టి లెక్కలోకి రావు. అప్పట్లో ఈలలు వేశారన్నది ఏ సినిమాకీ సర్టిఫికెట్ కాదు.

పైగా రెన్వార్ చేసింది వేరు. అందులో వేట సీన్ చూడండి. తెల్లకోట్లు వేసుకున్న పనివాళ్లు కర్రలతో చెట్లు కొడుతూ జంతువుల్ని తోలుకొస్తారు, దొరలు తుపాకులతో కాల్చేస్తారు. వెనక సంగీతం లేదు. ఒక కుందేలు పడి, కాళ్లు ముడుచుకుని ప్రాణం వదిలేదాకా కెమెరా కదలదు. చివర్లో విమానం నడిపే కుర్రాడు తుపాకి దెబ్బకి పడిపోయినప్పుడు మనకి ఆ కుందేలే గుర్తొస్తుంది. ఇంటి యజమాని బయటికొచ్చి అతిథులకి ఇదొక దురదృష్టకరమైన ప్రమాదం అని చెబుతాడు, అందరూ లోపలికి వెళ్లిపోతారు. ఒక్క మాట గట్టిగా అనకుండా ఆ వర్గం మొత్తాన్ని బోనులో నిలబెట్టాడు. పనివాళ్లకి కూడా దొరలతో సమానంగా ప్రేమలు, అసూయలు, జోకులు ఇచ్చాడు. కటింగ్‌టేబుల్ గారు అడిగినది అక్కడ ఉంది, ఇక్కడ లేదు.

రీలుడబ్బా:

రెండో_ఆట గారూ, రేపెప్పుడో కాలం తీర్పు చెబుతుందన్న వాదన నాకూ వద్దు. సినిమాలో ఏముందో దాని మీదే మాట్లాడుకుందాం.

నైట్‌షో గారూ, కుందేలు గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. షజెల్ పద్ధతి దానికి పూర్తిగా వ్యతిరేకం. రెన్వార్ చావు దగ్గర ఆగుతాడు. షజెల్ ఆగడు. ఎందుకంటే ఆ పరిశ్రమ ఆగదు.

రెండు చావులు గుర్తుచేస్తాను. ఎడారిలో యుద్ధం సీన్ తీస్తుంటారు. ఒక జూనియర్ ఆర్టిస్ట్‌కి బల్లెం దిగి చచ్చిపోతాడు. అక్కడున్నవాళ్లు ఏమంటారు? వాడికి తాగుడు అలవాటుంది అంటారు, అంతే. షూటింగ్ సాగుతుంది. సాయంత్రం అదే నేల మీద, పొద్దు కుంకే వెలుగులో బ్రాడ్ పిట్ ముద్దు సీన్ తీస్తారు, అతని భుజం మీద సీతాకోకచిలుక వాలుతుంది, యూనిట్ అంతా పులకించిపోతుంది. మనమూ పులకిస్తాం. అందుకే నాకు ఆ సీన్ అంటే భయం. పొద్దున పోయినవాణ్ని సాయంత్రానికి మనం కూడా మరిచిపోయాం.

రెండోది నెల్లీ మొదటి టాకీ సీన్. తొలి రోజుల్లో కెమెరా మోత మైకులో పడకుండా కెమెరానీ దాన్ని నడిపే మనిషినీ కలిపి ఒక పెట్టెలాంటి బూత్‌లో బిగించేసేవారు. అసలే స్టూడియో లైట్ల వేడి, లోపల గాలి ఆడదు. సినిమాలో నెల్లీ ఒక టేక్‌లో గీత దాటుతుంది, ఇంకో టేక్‌లో గొంతు పెంచుతుంది, మరో టేక్‌లో ఎవరిదో చప్పుడు. మళ్లీ, మళ్లీ. థియేటర్లో పగలబడి నవ్వుతారు. ఆఖరికి ఒక టేక్ ఓకే అవుతుంది, అందరూ ఎగిరి గంతులేస్తారు. బూత్ తలుపు తీస్తే లోపల కెమెరామన్ చనిపోయి ఉంటాడు. నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. ఇంతసేపూ ఆ మనిషి ఆ పెట్టెలోనే ఉన్నాడని మనకి తెలుసు. తెలిసే నవ్వాం.

మీరు మోజు అంటున్నది ఇదే అయితే, ఆ మోజు లేకుండా ఈ సీన్లు పనిచేయవు. పార్టీని చప్పగా తీస్తే ఏనుగుని ఎవరు చూస్తారు?

నైట్‌షో:

బూత్ సీన్ దగ్గర మీతో ఏకీభవిస్తాను. సినిమాలో బెస్ట్ అదే. మరి క్లైమాక్స్ సంగతేంటి? 1952లో మ్యానీ థియేటర్లో కూర్చుని 'సింగింగ్ ఇన్ ది రెయిన్' చూస్తాడు. టాకీల తొలి రోజుల తిప్పలన్నీ అందులో కామెడీ. ఏడుస్తాడు. అక్కడ ఆపినా బాగుండేది. వెంటనే సినిమా చరిత్రంతా ముక్కలు ముక్కలుగా మన ముఖాన కొట్టి, చివర్లో మ్యానీ కన్నీళ్లతో నవ్వుతాడు. అంటే పోయినవాళ్లంతా ఈ కళ కోసం పోయారు, ఫరవాలేదు అనేగా అర్థం? జేన్‌కి, బల్లెం దిగినవాడికి, కెమెరామన్‌కి ఆ నవ్వు ఏం సమాధానం చెబుతుంది?

కటింగ్‌టేబుల్:

ఇది నా ప్రశ్న కూడా. టోబీ మెగ్వైర్ పాత్ర మ్యానీని సొరంగంలో తిప్పే ఆ పొడుగాటి సీక్వెన్స్, చివరి మాంటేజ్, రెండూ సగానికి తగ్గించి ఆ టైమ్ సిడ్నీకి ఇచ్చి ఉంటే చాలు.

రీలుడబ్బా:

మ్యానీ ఏడుపుని నేను సమర్థిస్తాను, నవ్వుని కాదు. తన కళ్లముందు జరిగిన ఘోరాలన్నీ తెర మీద సరదా పాటలుగా మారిపోయి, చుట్టూ జనం హాయిగా నవ్వుతుంటే ఆ మనిషి ఏడవక ఏం చేస్తాడు? ఆ జనంలో అసలు సంగతి తెలిసినవాడు అతనొక్కడే. సినిమా అక్కడ ఆగి ఉంటే నైట్‌షో గారికి ఈ ప్రశ్న వేసే అవకాశమే ఉండేది కాదు. మాంటేజ్ వచ్చి, అప్పటిదాకా చూపించిన చావులన్నిటికీ కళ పేరుతో క్షమాపణ ఇప్పించింది. అది దర్శకుడి పిరికితనం అని నా అభిప్రాయం.

కటింగ్‌టేబుల్ గారి కత్తిరింపులు రెండూ నాకు సమ్మతమే. సిడ్నీ స్టూడియో వదిలి వెళ్లాక అతని వెంట మనం కూడా కాసేపు వెళ్లాల్సింది. కానీ చూడండి, ఇవన్నీ చివరి పది నిమిషాల మీద, ఏ పాత్రకి ఎంత చోటు అన్నదాని మీద ఫిర్యాదులు. ధైర్యం ఆఖర్లో చాల్లేదు అని రాయడం వేరు, ముందు రెండున్నర గంటలూ జల్సాకి భజన చేశాడని రాయడం వేరు. రెండోది రాసినవాళ్లు జేన్‌ని ఎవరు ఎత్తుకెళ్లారో, ఆమె వేషం ఎవరికి దక్కిందో కూడా రాసి ఉండాల్సింది.