అండమాన్‌లో మొదటిసారి స్కూబా, ఈత రాని ఫ్రెండ్‌తో వెళ్తున్నాను, కొన్ని డౌట్లు

వెన్నెల_హైదరాబాద్:

అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో నేనూ, నా ఇంటర్ ఫ్రెండూ కలిసి ఐదు రోజులు అండమాన్ వెళ్తున్నాం. ఏళ్లుగా అనుకుంటున్న ట్రిప్ ఇది, ఇద్దరికీ ఒకేసారి సెలవులు దొరకడమే గగనమైపోయింది. హావ్‌లాక్‌లో, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, స్కూబా, అంటే గాలి సిలిండర్ కట్టుకుని నీళ్లలోకి దిగడం, చేయాలని మా కోరిక. నాకు ఈత వచ్చు కానీ మైనస్ నాలుగు పవర్, కళ్లద్దాలు తీస్తే ఎదురుగా ఉన్న మనిషి మొహం కూడా అలుక్కుపోయినట్టే ఉంటుంది, మరి లోపల పగడాలు కనపడతాయా? తనకి ఈత అస్సలు రాదు. పైగా చిన్నప్పుడు ఆస్తమా ఉండేది, ఇన్‌హేలర్ వాడి చాలా ఏళ్లయింది. డైవ్ చేయించేవాళ్లలో ఫోన్‌లో మాట్లాడిన ఒకాయన, ఆరోగ్యం గురించి అడిగే ఫారం సంగతి ఎత్తితే, "ఫారంలో అన్నిటికీ నో అని పెట్టేయండి మేడం, ఏం కాదు" అన్నాడు. అది విన్నప్పటి నుంచి నాకు టెన్షన్‌గా ఉంది. మొదటి రోజులన్నీ బీచ్‌లు తిరిగి, చివరి రోజు పొద్దున ఆరింటికి డైవ్ చేసి, వెంటనే ఫెర్రీ ఎక్కి మధ్యాహ్నం ఫ్లైట్ పట్టుకోవాలని ప్లాన్. సరిపోతుందా?

లోతు_18మీటర్లు:

వెన్నెల గారూ, ముందు ఆ చివరి రోజు డైవ్ ప్లాన్ మార్చేయండి. మిగతావన్నీ తర్వాత. లోపల మనం పీల్చేది ఒత్తిడి మీద ఉన్న గాలి, అందులోని నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉంటుంది, బయటికొచ్చాక మెల్లగా పోతుంది. అది పోకముందే విమానం ఎక్కితే అక్కడ ఒత్తిడి ఇంకా తక్కువ కదా, గోలీసోడా కొట్టినప్పుడు బుడగలు వచ్చినట్టు ఒంట్లో బుడగలు కట్టే ప్రమాదం ఉంది. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఆగాలంటారు. నేనైతే పూర్తిగా ఒక రోజు వదిలేస్తాను. హావ్‌లాక్ చేరిన మర్నాడే డైవ్ పెట్టుకోండి, గాలి ఎక్కువై రద్దు చేసినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది.

ఇక ఫారం సంగతి. "నో" అని మాత్రం రాయకండి, దయచేసి. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు, అంటే అక్కడ ఊపిరితిత్తుల్లో ఉన్న గాలి పైకొచ్చేసరికి రెండింతలు వ్యాకోచిస్తుంది. మామూలు మనిషికి ఊపిరి వదులుతూ ఉంటే అది బయటికి పోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకి శ్వాసనాళం ఎక్కడైనా బిగుసుకుని గాలి లోపలే ఇరుక్కుంటే ఊపిరితిత్తి దెబ్బతింటుంది. ఊపిరి బిగబట్టొద్దు అని మొదటి పాఠంలోనే చెప్పేది కూడా ఇందుకే. మీ ఫ్రెండ్‌ని ఇక్కడే ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించండి, డైవింగ్ కోసం అని స్పష్టంగా చెప్పి, సరే అంటే కాగితం మీద రాయించుకోండి. వద్దంటే ఆ మాట వినండి. నీళ్ల పైనే తేలుతూ గొట్టంతో ఊపిరి పీల్చే స్నార్కెలింగ్ కూడా అడిగాకే. ఆ నో అని పెట్టమన్న మనిషి దగ్గర మాత్రం బుక్ చేయకండి, పడవ ఎక్కకముందే అబద్ధం చెప్పమన్నవాడు నీళ్లలో మిమ్మల్ని ఏం చూసుకుంటాడు?

ఈత రాకపోయినా ట్రయల్ డైవ్, అంటే కోర్సు లేకుండా ఒకసారి దిగి చూడటం, చేయొచ్చు, ఇన్‌స్ట్రక్టర్ పక్కనే పట్టుకుని ఉంటారు, 12 మీటర్లు దాటరు. సర్టిఫికెట్ కోర్సుకైతే 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు తేలడం రావాలి. కళ్లకి పవర్ మాస్కులు దొరుకుతాయి, ముందే ఫోన్ చేసి మీ నంబర్ చెప్పి ఉంచండి.

కాకినాడ_కుర్రాడు:

నా తప్పు చెప్తాను, మీకు పనికొస్తుంది. నేనూ నా రూమ్మేటూ వెళ్లినప్పుడు నాకు జలుబు. ముక్కు దిబ్బడ తగ్గడానికి ఒక మాత్ర వేసుకుని దిగాను, బాగానే ఉందనిపించింది. నాలుగు మీటర్ల దగ్గర ఎడమ చెవిలో సూది గుచ్చినట్టు మొదలైంది. నా వల్ల వాడి డైవ్ పాడవుతుందని సైగ చేయకుండా ఓర్చుకుంటూ ఇంకా కిందికి పోయాను. పైకొచ్చి మాస్క్ తీస్తే అందులో రక్తం. ఊరికొచ్చాక ఈఎన్‌టీ చూసి కర్ణభేరి వెనక రక్తం నిలిచిందన్నారు, రెండు వారాలు ఆ చెవికి అన్నీ గోడ అవతల నుంచి వినపడినట్టే ఉండేవి. మాత్ర ప్రభావం లోపలుండగా తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు కూడా గాలి ఇరుక్కుంటుందని ఆయనే చెప్పారు.

కాబట్టి జలుబుంటే దిగొద్దు, అంతే. ముక్కు మూసుకుని మెల్లగా ఊదడం నీళ్ల పైనుంచే మొదలుపెట్టండి, మీటరు మీటరుకీ చేయండి, నొప్పి వచ్చేదాకా ఆగకండి. చెవి తెరుచుకోకపోతే కాస్త పైకొచ్చి మళ్లీ ప్రయత్నించాలి, గట్టిగా ఊదకూడదు. సైగలు ఇద్దరూ రూములోనే ప్రాక్టీస్ చేయండి. అరచేయి అటూ ఇటూ ఊపి చెవి చూపిస్తే చెవి బాగాలేదని. బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి వెళ్దామని! బాగుంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

ద్వీపవాసి:

మాది పోర్ట్ బ్లెయిర్, అదే ఇప్పటి శ్రీ విజయపురం, నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, మనవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. పైవాళ్లు ప్రాణం సంగతి చెప్పారు, నేను పగడాల ప్రాణం సంగతి చెప్తాను. చూడ్డానికి రాయిలా ఉన్నా అది ఎన్నో చిన్న చిన్న జీవుల కాలనీ, వాటి ఒంట్లో ఉండే నాచు వల్లే చాలావరకు తిండీ, రంగూ. నీళ్లు వేడెక్కితే ఆ నాచుని బయటికి వదిలేస్తాయి, తెల్లగా పాలిపోతాయి. 2010 ఎండాకాలంలో ఇక్కడ అదే జరిగింది, 2016లో మళ్లీ. కొన్ని కోలుకున్నాయి, కొన్నిచోట్ల ఇప్పటికీ విరిగిన కొమ్మల గుట్టలే. బండలాంటి పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే ఎక్కువ, మీ కాళ్లకి తొడిగే ఫిన్ ఒక్కసారి తగిలితే ఎన్నేళ్ల పెరుగుదల పోతుందో ఆలోచించండి. ఫొటో కోసం పట్టుకుని నిలబడమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఒడ్డున దొరికిన ముక్క కూడా తీసుకెళ్లకూడదు, 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది, ఎయిర్‌పోర్టులో బ్యాగులో పట్టుబడితే ఇబ్బంది. పగడాల కోసం సన్‌స్క్రీన్ బదులు పొడుగు చేతుల స్విమ్ టాప్ వేసుకోండి.

లోపల ఒక్క నిమిషం కదలకుండా వినండి. జంతికలు నమిలినట్టు కరకరమని వినిపిస్తే పక్కన పారట్ ఫిష్ ఉన్నట్టే, పగడాన్ని కొరుక్కు తిని ఇసుకగా వదులుతుంది.

వెన్నెల_హైదరాబాద్:

మొన్న తిరిగొచ్చాం, మీ అందరికీ చెప్పాలని రాస్తున్నాను. తనకి ఊపిరి ఊదే పరీక్ష చేసి, వ్యాయామం చేయించి మళ్లీ చేసి, డాక్టర్ సరేనని రాసిచ్చారు. వేరే వాళ్ల దగ్గర బుక్ చేశాం, ఆ కాగితం రెండుసార్లు చదివారు. మొదటిసారి నడుం లోతు నీళ్లలో మాస్క్‌లోకి నీళ్లు రాగానే తను భయపడి లేచి నిలబడిపోయింది. ఇన్‌స్ట్రక్టర్ ఏమాత్రం తొందరపెట్టలేదు, అక్కడే చాలాసేపు కూర్చోబెట్టి ముక్కుతో ఊది నీళ్లు బయటికి పంపడం నేర్పించాడు. తర్వాత ఆరు మీటర్లు వెళ్లాం. కిందికి పోయేకొద్దీ తన ఎర్ర టాప్ కాఫీ రంగులోకి మారిపోయింది, అది నేను అనుకోనే లేదు. నా మాస్క్ మైనస్ మూడున్నరే దొరికింది, నీళ్లలో అన్నీ కాస్త పెద్దగా కనిపిస్తాయి కాబట్టి సరిపోయింది. పువ్వులా కనిపించే సముద్ర జీవి, ఒక సీ అనిమోన్ దగ్గర నా చిటికెనవేలంత నారింజ చేప బయటికొచ్చి మా మాస్కుల ముందు నిలబడి, లోపలికి పోయి, మళ్లీ వచ్చింది. దాని ఇంటి జోలికి వచ్చామని దానికి అంత కోపం. తను నా చేయి ఎంత గట్టిగా పట్టుకుందంటే పైకొచ్చాక చూస్తే గోళ్ల గుర్తులున్నాయి.

ద్వీపవాసి గారూ, కరకర వినిపించింది. చేప కనపడలేదు కానీ వినిపించింది.

రెండో రోజు తనకి కుడి చెవి బరువుగా ఉందంది, డైవ్ మానేసి ఇద్దరం పడవలోనే కూర్చున్నాం. ఇప్పుడు తను ఈత క్లాసులో చేరింది. కోర్సుకి ఫిబ్రవరే మంచిదా, ఏప్రిల్ అయినా పర్లేదా?

ద్వీపవాసి:

ఫిబ్రవరి, మార్చి మంచివి. ఏప్రిల్‌లో సముద్రం ప్రశాంతంగానే ఉంటుంది కానీ నీళ్లు వేడెక్కడం మొదలవుతుంది. మే రెండో సగం నుంచి వానలు, అప్పుడు మాత్రం పెట్టుకోకండి. వచ్చేటప్పుడు చెప్పండి.